గోండుల గుహానిర్గమన గాథ

ప్రళయము కడచిన పిమ్మట మానవుడు తాను దాగియుండిన బిలమునుండి వెలికి వచ్చి, పాడువడిన భూమిని మరల జూచుట యను కథావస్తువు పాశ్చాత్య నవలాసాహిత్యమున నొక ప్రత్యేకశాఖయై వర్ధిల్లినది. 1945వ సంవత్సరము ఆగస్టు 6వ తేదీని హిరోషిమాపైనను, 9వ తేదీని నాగసాకిపైనను అణుబాంబులు పడిన తరువాత నీ శాఖకు బలము హెచ్చెను. మార్డెకై రోష్వాల్డు రచించి 1959లో ప్రకటించిన ‘లెవెల్ 7’ అను నవలలో, భూమికి 4,400 అడుగుల క్రింద నిర్మింపబడిన నిలయమున నుండు సైనికుడొకడు దినచర్య వ్రాయుచుండును. వానికి పేరు లేదు, సంఖ్యయే కలదు. వాడును వాని తోడివారును మరల సూర్యుని చూడరు. 1972లో ఫ్రెంచి రచయితయగు రాబర్ట్ మెర్లు వెలువరించిన ‘మాల్‌విల్’ నందు, పాతకోట నేలమాళిగలో ద్రాక్షసారాయి పీపాల నడుమ నుండిన కొలదిమంది బ్రదికి బయల్వెడలి, సేద్యమును కాపురమును మరల నారంభింతురు. రష్యను రచయిత గ్లుఖోవ్‌స్కీ ‘మెట్రో 2033’ అను గ్రంథమున మాస్కో నగరపు భూగర్భ రైలుదారులే జనులకు నివాసములు. ఈ గ్రంథములను నడపు ప్రశ్న యొక్కటియే. తలుపు నెప్పుడు తీయవలెను? తీసిన పిమ్మట నెట్లు బ్రదుకవలెను?

ఈ ప్రశ్న మన వాఙ్మయమునకు క్రొత్తది కాదు. భాగవత దశమస్కంధమున ముచుకుందుడు యుగములకొలది గుహలో నిద్రించి, కాలయవనుడు భస్మమైన పిదప వెలికి వచ్చి, మనుష్యులును పశువులును వృక్షలతాదులును కుఱుచలై యుండుట చూచి, కలి ప్రవేశించెనని గ్రహించి యుత్తరదిశకు పోయెను. బయటికి వచ్చినవాడు లోకము మాఱినదని చెట్ల కొలతనుబట్టి తెలిసికొనుట యెంతయు నిశితమైన కల్పన. కిష్కింధాకాండమున సుగ్రీవుడు అన్న మరణించెనని తలచి బిలద్వారమునకు కొండబండ నడ్డముపెట్టి పోవుటయు, వాలి దానిని కాలదన్ని వచ్చుటయు నెల్ల రెఱిగినదే. కాని యివి యన్నియు ఒకానొక వ్యక్తి కథలు. ఒక జాతి జాతియే గుహలో మూయబడి, మరల వెలువడి, ఆ వెలువడుటతోనే తనకు తాను జాతియైనట్లు చెప్పుకొనుట వేఱు. అట్టి గాథ తెలుగుదేశమున ఆదిలాబాదు మండలమున గోండుల నడుమ వెలసియున్నది. అది గ్రంథమున బుట్టినది కాదు. పర్ధానుల నోట బుట్టినది.

ఉత్తరమున పెన్‌గంగయు వార్ధాయు, తూర్పున ప్రాణహితయు, దక్షిణమున గోదావరియు ఎల్లలుగా గల ఆదిలాబాదు మండలము 2016లో నాలుగు జిల్లాలుగా విభాగింపబడినది. అందొకదానికి కుమురం భీము పేరు పెట్టిరి. గోదావరికి ఈవలి యొడ్డు కరీంనగరు సీమ. ఏఱు దాటినంతమాత్రమున సాహిత్యచరిత్ర స్వరూపమే మాఱును. గంగాధర ప్రాంతమున కుర్క్యాల బొమ్మలగుట్టపై, కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదియవ శతాబ్దమున వ్రాయించిన శాసనము కలదు. సంస్కృత కన్నడములతో పాటు దానియందు తెలుగు కందపద్యములును కలవు. నన్నయకు పూర్వపు పద్యములగుటచే పండితులు దానిని కనులకద్దుకొందురు. అది న్యాయమే. అయితే ఏటికి దక్షిణమున బండమీద చెక్కిన మూడు పద్యములకు చూపిన యాదరమున పదియవ వంతయినను, ఉత్తరమున రాత్రులతరబడి పాడబడు కథాచక్రమునకు తెలుగు పరిశోధకులు చాలకాలము చూపలేదు. బండ కదలదు గనుక నెప్పుడైనను పోయి చదువవచ్చును. పాడువాడు పోయినచో పాటయు పోవును.

పర్ధానులు గోండులకు వంశస్తుతిపాఠకులు. గోండు కుటుంబమునకు పర్ధాను కుటుంబ మొకటి తరతరములుగా కట్టుబడి యుండును. పెండ్లిండ్లయందును, కర్మాంతరములయందును, పెర్సపేన్ అను కులదైవపు పూజయందును పర్ధాను కిక్రి వాయించుచు ఆ వంశపు కథను పాడవలెను. కిక్రి వెండ్రుకతీగలు గల చిన్న వాద్యము, కమానుతో వాయింతురు. ఇందొక విచిత్రము కలదు. ఆదిలాబాదు పర్ధానుల యింటిభాష మరాఠీ. పాట మాత్రము గోండి. ఇంట మాటాడని భాషను దేవుని యెదుట తప్పక పలుకుట మన వైదికులకును కలదు గనుక, తెలుగు చదువరులకు వేఱుగా వివరింప నక్కఱలేదు. గోండులకు పాడువారిలో తోటీలును కలరు. వారి సంఖ్య స్వల్పము. వారి యింటిభాష గోండియే.

గాథ యొక్క పాఠములు పలువిధములు. మొట్టమొదట అచ్చుకెక్కినది నాగపురపు పాఠము. స్కాటులాండు మిషనరీ యగు స్టీఫెన్ హిస్లాపు పర్ధానుల నోట విని వ్రాసికొనెను. ఆయన 1863లో ఏటిలో మునిగి మరణింపగా, ఆయన కాగితములను రిచర్డు టెంపులు 1866లో నాగపురమున ప్రకటించెను. ఆదిలాబాదు పాఠములను సేకరించినవాడు వియన్నా నగరమున జనించిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెండార్ఫు. ఆయన ‘ది రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్’ 1948లో వెలువడెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున జర్మను అనుజ్ఞాపత్రము గలవాడగుటచే ఆయన నిజాము రాజ్యపు టెల్లలు దాటకుండ నిర్బంధింపబడియుండెను. గుహలో మూయబడినవారి కథను వ్రాసికొన్న పండితుడు తానును ఒకవిధముగా మూయబడినవాడే.

నాగపుర పాఠమున కథ యిట్లు నడచును. మహాదేవుడు గోండులను పుట్టించెను. వారు స్నానమెఱుగరు, కంటబడిన ప్రాణినెల్ల చంపి తినుచుండిరి, వారి దుర్వాసన దేవుని కొలువునకంటెను. ఆయన కోపించి వారినందఱిని ఒక కొండగుహలోనికి త్రోలి, ద్వారమునకు పెనుబండ నడ్డము వైచి, భస్మాసురుని కావలియుంచెను. నలుగురు మాత్రము తప్పించుకొని కాచికోప లోహగఢమను కొండలోయను చేరిరి. ఆ లోయలో పువ్వునుండి లింగో జనించెను. ఆయన నలుగురితోడను అన్నదమ్ముల వలె కలసి పొలము కొట్టెను. రికడ్ గౌరి యను వృద్ధరాక్షసుని యింటినుండి నిప్పు తెచ్చెను. తంత్రీవాద్యము వాయించి ఆ రాక్షసుని మెప్పించెను. వాని కూతుండ్రను నలువురకు పెండ్లిచేసి తాను బ్రహ్మచారిగ నిలిచెను. తుదకా నలువురే అపవాదమును నమ్మి ఆయనను చంపిరి. దైవానుగ్రహమున బ్రదికి లేచిన లింగో, ‘ఈ నలువురు చాలు, గుహలోనివారిని వెదకెద’నని బయలుదేఱెను. మహాదేవుడు వారిని విడుచుటకు బింద్యమను మహాపక్షి పిల్లలను తెమ్మని నిబంధన పెట్టెను. లింగో పోయి, ఆ పిల్లలను తినవచ్చిన సముద్రసర్పమును సంహరింపగా, తల్లిపక్షి కృతజ్ఞతతో తానే పిల్లలతో వెంటవచ్చెను. అంతట బండ తొలగెను.

ఆదిలాబాదు పాఠమున మహాదేవుడు శ్రీ శెంబు. మూయబడినవారు సామాన్యజనులు కారు. గోండుల దేవతలు, అనగా కులమూలపురుషులు. విడిపించినవాడు పహండి కుపార్ లింగల్. ఆయనకు తోడ్పడినది జంగుబాయి. ఈ జంగుబాయి పాత్ర గమనింపదగినది. విమోచకుడు పురుషు డొక్కడే యైయుండిన నాగపుర కథకును, స్త్రీదేవతయు ప్రధానపాత్ర వహించిన యీ కథకును భేదము చిన్నది కాదు. ఇటీవలికాలమున మధ్యభారతపు గోండు పండితులు ప్రచారమునకు తెచ్చిన పాఠమున కాళీ కంకాళి బిడ్డలు మూయబడుదురు, జంగో రైతాడ్ వారిని పోషించుటకు పూనుకొనును, హీరాసుకా యను గాయకుడు గుహ బయట నిలిచి వాద్యము వాయింపగా, ఆ నాదము విని లోపలివారికి బలము పుట్టి బండను త్రోయుదురు. దొరలిన బండక్రింద గాయకుడు నలిగి చనిపోవును. పర్ధానుల వృత్తిగౌరవమంతయు నీ యొక్క ఘట్టమున నిమిడియున్నది. పాటయే తలుపు తీసినది. పాడినవాడు వెలుగు చూచినవారిలో చేఱలేదు. ఈ గుహ మహారాష్ట్రమున గోందియా జిల్లాయందలి కచార్‌గఢ గుహయేయని యా పండితులు నిర్ణయించి, మాఘపూర్ణిమకు జాతర సాగించుచున్నారు.

గుహలో ఏల మూసెనను ప్రశ్నకు నాగపుర పాఠమిచ్చిన సమాధానము సందేహాస్పదము. స్నానము చేయరు, సర్వభక్షకులు అను నింద గోండు తన్ను గూర్చి తాననుకొను మాట కాదు. ఊరివారు అడవివారిని గూర్చి యను మాట. పర్ధాను అనేక గ్రామముల తిరుగువాడు, మరాఠీ మాటాడువాడు. పైవారి నిందను కథలోనికి దెచ్చి దేవుని నోట పలికించెననుట సంభావ్యము. కాని అదే పర్ధాను అదే కథలో, ఆ నిందకు గుఱియైనవారినే తుదకు ధన్యులను చేసినాడు. శుచిత్వమెఱిగి తప్పించుకొన్న నలువురు భ్రాతృహంతలైరి. చీకటిలో మ్రగ్గినవారు జాతియైరి. ఈ తీర్పును గమనింపక, గోండులు తమ్ముతామే నిందించుకొన్నారని కొందఱు వ్రాయుట పొరపాటు.

ఈ గుహావరోధము ఏదో యొక చారిత్రకయుద్ధమునకు స్మృతిచిహ్నమని, మూసిన మహాదేవుడు దండెత్తివచ్చిన క్రొత్తజాతికి సంకేతమని చెప్పువారు కలరు. వినుటకు సొంపుగనే యుండును. అయితే యుద్ధకాలమును నిర్ణయించుటకు గాథలో నొక్క రాజు పేరును, నొక్క కోట పేరును లేదు. చాందా గోండురాజులు చారిత్రకులు. సిర్పూరు, ఉట్నూరు, మాణిక్‌గఢము చారిత్రకస్థలములు. గుహాగాథ వానిలో నెవ్వరినిగాని దేనినిగాని తడవదు. శాసనమును చదివినట్లు గాథను చదువుట శాసనమునకును గాథకును న్యాయము కాదు. గాథ చెప్పదలచినది ఎవరు మూసిరనునది కాదు. మూయబడినవారు వెలువడిన పిమ్మట నేమి చేసిరనునదే దాని విషయము. కథలో అధికభాగము తలుపు తెఱచిన తరువాతనే యుండుట దీనికి చాలిన సాక్ష్యము.

తెఱచిన తరువాత వచ్చునది ఆకలి. నాగపుర పాఠమున గోండులు గుహనుండి వచ్చి యేటియొడ్డున వంటకు పూనుకొందురు. అంతలో వాన కురిసి ఏఱు పొంగును. అందఱును దాటుదురు; లింగోతో నలువురు మాత్రము నిలుతురు. వారిని దాటించుటకు మొసలి యొకటి, తాబేలు యొకటి వచ్చును. మొసలి నడియేట ముంచజూచును, తాబేలు రక్షించును. తాబేటికి కీడు చేయబోమని యొట్టుపెట్టుకొని వారు ఆవలియొడ్డు చేఱుదురు. ప్రళయము వచ్చినది గుహలోనికి పోకముందు కాదు, గుహనుండి వచ్చిన తరువాత! అణుయుద్ధపు నవలలలో ప్రమాదము మొదట, ఆశ్రయము పిదప, నిర్గమనము తుద. పర్ధానుల కథలో ఆశ్రయమే కారాగారము, నిర్గమనము ప్రమాదమునకు మొదలు. నవలలలో తలుపును లోపలివారే మూయుదురు, తాళము వారి చేతనే యుండును. తీయుటకు వెఱచుటయే కథ. గోండు గాథలో తలుపును బయటివాడు మూసెను. వెఱపునకు తావులేదు, విడిపించువాడు రావలెను. ఈ భేదము కల్పనాభేదము మాత్రమే కాదు. యుద్ధమును తామే చేసికొన్న దేశముల కథకును, తమపై నితరులు చేసినదానిని భరించిన జనుల కథకును గల భేదము.

ఆవలియొడ్డున లింగో వారికి సంఘమును నిర్మించును. ఇదియే కథకు ప్రాణము. గోండులు నాలుగు సగాలుగా విభాగింపబడిరి. ఆదిలాబాదున వానికి యేర్వేన్, సర్వేన్, సీవేన్, నాల్వేన్ అని పేళ్లు. ఏడుగురన్నదమ్ముల వారు, ఆర్వురన్నదమ్ముల వారు, ఏగురన్నదమ్ముల వారు, నలుగురన్నదమ్ముల వారు అని యర్థము. ఒకే సగావారు తోబుట్టువులు. వారిలో వారికి పెండ్లి లేదు. ఇచట భాషావిషయ మొకటి చెప్పక తప్పదు. గోండియందు నాలుగు నాలుంగ్, ఐదు సైయుంగ్, ఆఱు సారుంగ్, ఏడు యేరుంగ్. తెలుగువారి నలువురు, ఏడ్వురు ఆ పేళ్లలో వెంటనే వినబడుదురు. ఐదును ఆఱును మాత్రము సకారముతో కూడి కొంత వింతగా తోచును. మూలద్రావిడమున నీ రెండు సంఖ్యలకు ఆదిని చకారముండెననియు, అది గోండిలో సకారమై నిలిచి తెలుగున లోపించెననియు భాషావేత్తల నిర్ణయము. అనగా, తెలుగు పోగొట్టుకొన్న యక్షరమును గోండులు తమ కులనామమునందు దాచియుంచిరి.

సగాకు సగాకు పెర్సపేన్ వేఱు. ఆ దైవమునకు ప్రతిమ యుండదు. ఇనుప బల్లెపుమొనయు, చామరమును, గంటలును దైవచిహ్నములు. వానిని గోనెలో చుట్టి చెట్టున నుంచి పూజాకాలమున దించుదురు. దేవునికి గుడి కట్టక చెట్టున నుంచుట గుహ కథ తెలిసినవారికి విశేషముగ తోచును. గుహ జ్ఞాపకమే దీనికి హేతువని చెప్పుటకు ప్రమాణము లేదు. ఊహగా మాత్రము మిగులును.

గుహను మఱచినవారు కారనుటకు మాత్రము ప్రత్యక్షప్రమాణము కలదు. కెరమెరి ప్రాంతమున మహారాజ్‌గూడ యొద్ద, తెలంగాణ మహారాష్ట్రముల సరిహద్దుకొండలలో జంగుబాయి గుహ యున్నది. పుష్యమాసమున ఎనిమిది గోత్రములవారు ముఖ్యముగను, ఇతరులు విశేషముగను అచటికి వచ్చి, గుహలోపల వెలుగు దీపమునే అమ్మవారుగా కొలుతురు. మనకు దేవాలయమునకు పోవుట వెలుగులోనికి పోవుట. వీరు చీకటిలోనికి పోయి, అచట దీపమును చూచి, మరల వెలికి వత్తురు. కథను విన్నవాడు ఏటేట ఒకమాఱు కథను నడచి వచ్చుచున్నాడన్నమాట.

అదే మాసమున పుష్యామావాస్యనాటి రాత్రి ఇంద్రవెల్లి యొద్ద కేస్లాపురమున నాగోబా మహాపూజ జరుగును. మెస్రం వంశీయులు, ఏడుగురన్నదమ్ముల సగావారు, కొన్నివారములకు ముందే కాలినడకను బయలుదేఱి, జన్నారము ప్రాంతపు హస్తలమడుగునుండి గోదావరీజలమును కలశమున తెచ్చెదరు. సిరికొండ కుమ్మరులు చేసిన కుండలలో నైవేద్యము వండుదురు. ఆ యేడు వంశమునకు వచ్చిన క్రొత్తకోడండ్రను దేవుని యెదుట నిలిపి ‘భేటింగ్’ చేయించుట యిందు ప్రధానాంగము. అది లేనిదే కోడలు వంశమున చేఱినట్లు గాదు. గుహనుండి వచ్చినవారిని సగాలుగా పంచిన లింగల్ పని ప్రతిసంవత్సరమును కోడండ్ర విషయమున మరల జరుగుచున్నది. కథలో ఏఱు ముంచజూచినది. క్రతువులో ఆ యేటినీరే భుజముమీద ఇంటికి వచ్చును.

కచార్‌గఢము, మహారాజ్‌గూడ — వీనిలో నేది నిజమగు గుహ యనుట నిరర్థకవాదము. సీతమ్మ స్నానమాడిన గుండము తెలుగుదేశమున నెన్ని లేవు!

గాథ యిట్లు చెప్పుచుండగనే చరిత్ర మఱొక గుహను త్రవ్వినది. ఇరువదవ శతాబ్దపు ప్రథమార్ధమున నిజాము ప్రభుత్వము అడవులను రక్షితారణ్యములుగ కట్టుదిట్టము చేయగా, పోడు కొట్టుకొని బ్రదుకు గోండులును కొలాములును అనేకగ్రామములనుండి వెడలగొట్టబడిరి; గుడిసెలు కాల్పబడెను. మైదానమునందలి మంచిభూములు క్రొత్తగ వచ్చిన సేద్యగాండ్ర పేర పట్టాలైయుండెను. కొండ తప్ప వేఱు దిక్కు లేనివానికి కొండయు లేకపోయెను. 1940లో కుమురం భీము తన యనుచరులతో జోడేఘాటు కొండపై నిలిచి ప్రభుత్వసేనను ప్రతిఘటించి కాల్పులలో మరణించెను. జల్, జంగల్, జమీన్ అను నినాదము ఆయన పేరుతో నేటికిని వినబడును. హైమెండార్ఫు ఆదిలాబాదునకు వచ్చినది ఈ యలజడి తరువాతనే. ప్రభుత్వమునకు కారణము తెలియవలసి వచ్చెను. మార్లవాయి గ్రామమున నివసించి, 1943లో గోండు యువకులను ఉపాధ్యాయులుగ తరిఫీదుచేయు పాఠశాలను నెలకొల్పించెను. గోండిలో వాచకములు నాగరిలిపిలో అచ్చువేయబడెను. జిల్లాపాలనమున నుండిన సేతుమాధవరావు పగడి గోండి నేర్చి వ్యాకరణము వ్రాసెను. భూములకు పట్టాలీయబడినవి, 1356 ఫసలీలో గిరిజనప్రాంత శాసనము వచ్చెను. హైమెండార్ఫు భార్య బెట్టీ 1987లో హైదరాబాదున మరణింపగా, ఆమెను మార్లవాయియందే సమాధి చేసిరి.

ఈ కథకుడు వ్రాసికొన్న కాలమును గమనింపుడు. ఆదిలాబాదు కొండలలో పర్ధాను గుహాగాథను పాడుచు హైమెండార్ఫు వినుచుండిన 1941 మొదలగు సంవత్సరములలోనే యూరపునందు ప్రజలు సైరను మ్రోతకు నేలమాళిగలలో దాగుచుండిరి. ఆ నేలమాళిగలనుండియే తరువాతి నవలాశాఖ పుట్టినది. ఒకరి కథ మఱొకరికి తెలియదు.

బండ తొలగెనని చెప్పుటకు చట్టము చాలలేదు. చట్టములుండగనే భూములు మరల చేతులు మాఱెను. 1981వ సంవత్సరము ఏప్రిలు 20వ తేదీని ఇంద్రవెల్లిలో గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వపు లెక్కయందు మృతులు 13 మంది, ఇతరుల లెక్క యంతకంటె చాల నధికము. ఇంద్రవెల్లి కేస్లాపురమునకు సమీపముననే యున్నది. గుహాగాథను విన్నవారికి ఈ స్థలసామీప్యము ఊరక కనబడదు.

భూమి పోవుటకును పాట పోవుటకును గల సంబంధము తిన్ననిది. పర్ధానుకు ధాన్యమును, వస్త్రమును, పశువును ఈయవలసినవాడు గోండు యజమానుడు. ఆ యజమానుని పొలము పోయినచో పర్ధాను కిక్రిని మూలబెట్టి కూలికి పోవును. రెండు మూడు రాత్రులు పాడవలసిన కథ యొక గడియకు కుదియును. కుదియునప్పుడు ముందు పోవునది ఏది? నిప్పు తెచ్చుట, పక్షిపిల్లలు, తాబేలు వంటి వేడుకఘట్టములు నిలుచును. సగాల పట్టికలు, ఏ కులము ఏ యొడ్డున దిగెను, ఏ దైవము ఏ చెట్టున నుండెను అను వివరములు జాఱిపోవును. వినువారికి విసుగు పుట్టించునవి యవియే. జాతికి ఆధారములు నవియే. వాల్టరు మిల్లరు ‘ఎ కాంటికిల్ ఫర్ లీబోవిట్జ్’ అను నవలలో, అణుయుద్ధానంతరము సన్న్యాసులు తమకర్థముకాని యంత్రచిత్రములను శతాబ్దములకొలది నకలు వ్రాసి కాపాడుదురు. గ్రంథములను కంఠస్థము చేయువారును అందు కలరు. మిల్లరు ఊహించిన ఆ వృత్తిని పర్ధానులు ఏ నవలయు ప్రేరేపింపకయే చేసిరి. భేదమేమనగా, సన్న్యాసికి మఠము కూడు పెట్టెను. పర్ధానుకు పెట్టువాడు తానే దరిద్రుడయ్యెను.

వ్రాత వారికి బొత్తిగ లేదనుట కూడ నిజము కాదు. నార్నూరు మండలమున గుంజాల గ్రామమున, గోండికే ప్రత్యేకముగ నేర్పడిన లిపిలో వ్రాయబడిన చేవ్రాతప్రతులు ఆచార్య జయధీర్ తిరుమలరావు ప్రభృతుల కృషిచే ఈ శతాబ్దపు తొలిదశకమున వెలుగునకు వచ్చెను. ఆ ప్రతులు క్రీ. శ. 1750 ప్రాంతమువని పండితులు తలచుచున్నారు. 2018లో ఆ లిపికి యూనికోడు నందు స్థానము లభించెను. మాసారం మున్షీ మంగళసింగు 1918లో కల్పించిన మఱొక గోండి లిపికి 2017లోనే లభించియుండెను. ఒక భాషకు రెండులిపులు యంత్రమునకెక్కుట లాభమే. దండారి నృత్యమునకు గుస్సాడీ వేషమున ప్రసిద్ధుడైన మార్లవాయి కనకరాజునకు 2021లో పద్మశ్రీ బిరుదు వచ్చెను. నృత్యము కంటికి కనబడును గనుక లోకము దానిని త్వరగా గుర్తించినది.

పాట విషయమున చేయవలసిన పని వేఱు. హిస్లాపు పాఠమొక్కటి, ఆదిలాబాదు పాఠము లొకకొన్ని, కచార్‌గఢ సంప్రదాయ మొకటి చేతనుండగా వానిని కలగలిపి ‘అసలు కథ’ను కూర్చు నుత్సాహము నేటి పుస్తకములలో కనబడుచున్నది. అది మంచి పద్ధతి కాదు. కథను సగాను బట్టి వేఱువేఱుగా గ్రహింపవలెను. ఏలయన, పర్ధాను తన యజమానుని వంశమునుద్దేశించియే పాడును, వానిని సంతోషపెట్టుటకే ఘట్టములను పెంచును. నలుగురన్నదమ్ముల వారి యింట పాడినప్పుడు ఏటియొడ్డున నిలిచిపోయిన నలువురి ఘట్టము పెరుగునా? ఏడుగురన్నదమ్ముల వారి యింట నాగోబా ప్రసంగమెక్కడ చేఱును? తోటీల పాఠము పర్ధానుల పాఠముతో ఎంతమేర యేకీభవించును? యేర్వేన్, సర్వేన్, సీవేన్, నాల్వేన్ పాఠములను నాలుగు వరుసలుగ ప్రక్కప్రక్కన ముద్రించి, క్రింద తెలుగు ప్రతిపదార్థమును చేర్చినచో ఈ ప్రశ్నలకు సమాధానము దానంతటదే దొరకును. సగల రాత్రులు పాడగల వృద్ధులు ఉట్నూరు, జైనూరు, సిర్పూరు సీమలలో నుండగనే యది చేయదగిన కార్యము. పుష్యమాసమున జాతరకు వచ్చువారిలో వారిని వెదకుట సులభము.